షేవింగ్ బ్రష్ ఏది కొనాలి: 200దా, 700దా, 4000దా?

మా నాన్న పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని, కిటికీ ఊచకి చిన్న అద్దం తగిలించి, స్టీలు గ్లాసులో నీళ్ళు పెట్టుకుని గడ్డం గీసుకునేవారు. ఆయన బ్రష్ పంది వెంట్రుకలది, ముందు ఐదు నిమిషాలు గ్లాసులో నానాలి, నానకపోతే చీపురు పుల్లల్తో బుగ్గ తోమినట్టుండేది. ఇప్పుడు ఆ బాధ లేదు, సింథటిక్ బ్రష్ వచ్చాక నానబెట్టే పనే లేదు, పంది వెంట్రుకలంటే ఇబ్బందిపడే వాళ్ళకి కూడా హాయి. కానీ కొందామని ఆన్‌లైన్‌లో వెతికితే 150 రూపాయల నుంచి ఆరేడు వేల దాకా కనిపిస్తాయి, అన్నీ ఫోటోలో ఒకేలా ఉంటాయి, దేనికి ఎందుకంత రేటో ఎవరూ చెప్పరు. పదేళ్ళుగా ఈ మూడు రేట్ల బ్రష్‌లూ వాడాను కాబట్టి నాకు అర్థమైంది చెప్తా.

ముందే చెప్పేస్తున్నా, 200 రూపాయల బ్రష్‌కీ 700 బ్రష్‌కీ తేడా చాలా ఎక్కువ, మొహం మీద పెట్టగానే తెలుస్తుంది. 700 బ్రష్‌కీ 4000 బ్రష్‌కీ మాత్రం నురుగులో తేడా చాలా తక్కువ, అక్కడ మీరు డబ్బు పెట్టేది పిడికీ, తయారీలో పనితనానికీ. ఈ ఒక్క విషయం బుర్రలో పెట్టుకుంటే సగం కన్ఫ్యూజన్ పోతుంది.

అసలు తేడా అంతా పోగులో ఉంది. బాగా చవక బ్రష్‌ల్లో మందపాటి నైలాన్ పోగు ఉంటుంది, కొస దగ్గర కత్తెరతో కత్తిరించినట్టు మొద్దుగా ఉంటుంది, అదే చర్మానికి గుచ్చుకునేది. ఈమధ్య వస్తున్న మంచి సింథటిక్‌ల్లో ఎక్కువగా పీబీటీ అనే పాలిస్టర్ జాతి పోగు వాడతారు, దాని కొసల్ని రసాయనంలో ముంచి సన్నగా సూదిమొనలా చేస్తారు, మెత్తటి టూత్‌బ్రష్‌ల మీద స్లిమ్ టిప్ అని రాస్తారు చూడండి, దాదాపు అదే పద్ధతి. పోగు అడుగున కాస్త బలంగా, కొసన దారంలా మెత్తగా ఉండటం వల్ల బ్రష్ వాలిపోకుండా నిలబడుతుంది, బుగ్గకి మాత్రం పట్టులా తగుల్తుంది. ప్లిసాఫ్ట్, టక్సెడో అని అమ్మేవాళ్ళు రాసే పేర్లు ఈ పోగు రకాలవే. ప్లిసాఫ్ట్ అన్న పేరు ప్లిసాన్ అనే ఫ్రెంచ్ కంపెనీ సింథటిక్ బ్రష్ బాగా హిట్టయ్యాక దాని మీద వచ్చింది, టక్సెడో అంటే అడుగున నలుపు, కొసన తెలుపు, చైనా వాళ్ళ యాకీ బ్రష్‌ల్లో ఎక్కువ కనిపిస్తుంది. నాకైతే టక్సెడో ఇంకొంచెం మెత్తగా, తక్కువ స్ప్రింగుతో అనిపిస్తుంది.

షాపులో కొంటుంటే అట్టపెట్టె తీసి చూపించమని అడగండి, మొహమాటపడొద్దు. కుచ్చుని వెలుతురుకి పట్టి కొసలు చూడండి, సన్నబడి పొగలా కలిసిపోయినట్టుంటే మంచిది, గడ్డి కోసినట్టు ఒకే లైన్‌లో మొండిగా ఉంటే వదిలేయండి. తర్వాత పొడి కుచ్చునే పై పెదవి మీద, ముక్కు కింద మెల్లగా తిప్పండి, అరచేతి మీద కాదు, అరచేయి మొద్దు, అక్కడ అన్నీ మెత్తగానే ఉంటాయి. పై పెదవి దగ్గర గుచ్చితే రోజూ గుచ్చుతుంది, అలవాటైపోతుందిలే అనుకోవద్దు. పంది వెంట్రుకల బ్రష్ వాడేకొద్దీ కొసలు చీలి మెత్తబడుతుంది కానీ సింథటిక్ మొదటి రోజు ఎలా ఉందో రెండేళ్ళకీ దాదాపు అలాగే ఉంటుంది.

ఇంకోటి జిగురు. నేను హైదరాబాద్ వచ్చిన కొత్తలో ఒక బస్టాండ్ పక్క ఫ్యాన్సీ షాపులో 120 పెట్టి ఒకటి కొన్నా, మూడో వారం బుగ్గ మీద తిప్పుతుంటే కుచ్చు మొత్తం పిడిలోంచి ఊడి సింకులో పడింది, చేతిలో ఖాళీ ప్లాస్టిక్ డొప్ప మిగిలింది. లోపల చూస్తే జిగురు ఒక పక్కే అంటుకుని ఉంది, రెండో పక్క నున్నగా ఉంది. పారేయబుద్ధి కాలేదు, పాత జిగురు స్క్రూడ్రైవర్‌తో గీకేసి, ఆరల్డైట్ రెండు ట్యూబులూ సమానంగా కలిపి, కుచ్చుని నిటారుగా నిలబెట్టి, చుట్టూ రబ్బరు బ్యాండ్ వేసి ఒక రోజంతా కదపకుండా వదిలేశా. ఆ తర్వాత అది రెండేళ్ళు వచ్చింది. అందుకే మీ చవక బ్రష్ ఊడితే అదే పాడైందని అనుకోకండి, పోగు బాగుంటే అతికించుకోవచ్చు. కొనేటప్పుడు మాత్రం కుచ్చుని అడుగున పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి, ఏమాత్రం వదులున్నా వద్దు. కొత్తలో రెండు మూడు పోగులు రాలితే పర్లేదు, రెండు వారాల తర్వాత కూడా రోజూ రాలుతుంటే మాత్రం కుచ్చు కట్టడంలోనే లోపం.

ఇక 500 నుంచి 1000 రూపాయల మధ్య రేంజ్, నేను ఎవరికి చెప్పినా ఇక్కడే ఆగమంటా. ఈ రేటుకి పీబీటీ పోగు, రెజిన్ పిడి, బాగా అతికించిన కుచ్చు వస్తాయి. సైజు చూసేటప్పుడు రెండు అంకెలు చూడండి, కుచ్చు అడుగున వ్యాసం ఎంత, పిడి పైన బయటికి ఎంత ఎత్తుంది, అమ్మేవాళ్ళు వీటినే నాట్, లాఫ్ట్ అని రాస్తారు. 24 ఎంఎం వ్యాసం, 50 నుంచి 55 ఎంఎం ఎత్తు ఉంటే దాదాపు అందరికీ సరిపోతుంది. 26, 28 చూసి పెద్దది కదా అని కొనేస్తారు, సన్నటి మొహానికి అది ముక్కు కింద తిరగదు, క్రీమ్ కూడా ఎక్కువ తాగుతుంది. ఎత్తు మరీ ఎక్కువైతే కుచ్చు అటూ ఇటూ ఊగుతుంది, మరీ తక్కువైతే స్ప్రింగులా తన్ని నురుగు అద్దం మీద చిందిస్తుంది. అంకెలు ఏమీ రాయని బ్రష్ ఆన్‌లైన్‌లో కొనొద్దు, ఫోటోలో బొద్దుగా కనిపించింది ఇంటికొచ్చాక చూస్తే బొటనవేలంత ఉంటుంది.

మరి ప్రీమియం ఎందుకు? జర్మనీలో సాక్సనీ ప్రాంతంలో 1945 నుంచి బ్రష్‌లు చేస్తున్న మ్యూలె వాళ్ళ సిల్వర్‌టిప్ ఫైబర్ అనే సింథటిక్ బ్రష్ నా దగ్గర ఒకటుంది, అలాంటిది మన డబ్బుల్లో మూడు నాలుగు వేలకి తక్కువ దొరకడం కష్టం. దాని కుచ్చు పైనుంచి చూస్తే గుండ్రంగా ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా ఉంటుంది, పిడి చేతిలో బరువుగా, సబ్బు చేతితో పట్టుకున్నా జారకుండా కూర్చుంటుంది. నీళ్ళు పట్టుకోవడంలో కూడా కొంచెం మెరుగే. కానీ కళ్ళు మూసుకుని గీసుకుంటే, నా 700 బ్రష్ నురుగుకీ దీని నురుగుకీ తేడా నేను చెప్పలేను, నిజం చెప్తున్నా. ఇంగ్లండ్‌లో 1919లో మొదలైన సింప్సన్ లాంటి పెద్ద కంపెనీ కూడా ట్రాఫల్గర్ అని తక్కువ ధరలో సింథటిక్ సిరీస్ చేస్తుంది, పేరు కావాలనుకుంటే అటు కూడా చూడొచ్చు. చేతి వేళ్ళకి పట్టు తక్కువున్న పెద్దవాళ్ళకి, మంచి బరువైన పిడి నిజంగా ఉపయోగం. మామయ్యకో బావకో గిఫ్ట్ ఇవ్వాలన్నా బాగుంటుంది. రోజూ పొద్దున ఆ పది నిమిషాలు మీకు ఇష్టమైన టైమ్ అయితే కొనుక్కోండి, తప్పేం లేదు, కానీ షేవ్ బాగా వస్తుందని మాత్రం కొనకండి, దానికి బ్లేడు మార్చండి చాలు.

మీరు వాడేది ట్యూబ్ క్రీమా, గట్టి సబ్బా అన్నది కూడా చూసుకోవాలి. క్రీమ్‌కి బాగా మెత్తటి కుచ్చు అయినా పనైపోతుంది, బాదం గింజంత వేసుకుని తిప్పితే వచ్చేస్తుంది. గుండ్రటి గట్టి సబ్బు అయితే దాన్ని రుద్ది ఎత్తుకోవాలి కాబట్టి కాస్త గట్టిగా తిరిగి లేచే కుచ్చు కావాలి, దీన్నే బ్యాక్‌బోన్ అంటారు, మరీ మెత్తటిది సబ్బు మీద పడుకుని జారిపోతుంది.

ఇప్పుడు అసలు ఇబ్బంది, మన బోరు నీళ్ళు. హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ళు బాగా కఠినంగా ఉంటాయి, ఆ నీళ్ళలో ఉన్న కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టులా మారుతుంది, నురుగు రాదు, వచ్చినా నిమిషంలో ఆరిపోతుంది, పాపం బ్రష్ బాగాలేదని ఇంకోటి కొంటారు. ఇంకో బ్రష్‌కి ముందు ఒక్కసారి అర గ్లాసు ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్ళతో నురుగు చేసి చూడండి. నేను అలా చేశాకే నా పాత బ్రష్‌ని అనవసరంగా తిట్టుకున్నానని తెలిసింది. ఆ తెట్టు కుచ్చు అడుగున పేరుకుని పోగులు గట్టిపడితే, ఒక వంతు వెనిగర్‌కి ఐదారు వంతుల నీళ్ళు కలిపి మూడు నాలుగు నిమిషాలు ముంచి బాగా కడిగేయండి, కొత్తదానిలా అవుతుంది. నెలకోసారి చాలు.

వాడేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు నీళ్ళ దగ్గరే. సింథటిక్ పోగు నీళ్ళని లోపలికి పీల్చుకోదు, పోగుల మధ్య నిలబెట్టుకుంటుంది అంతే, కాబట్టి తడిపి అలాగే క్రీమ్‌లో పెడితే నీళ్ళన్నీ ఒక్కసారి వదిలేసి పాలు కారినట్టు మోచేతి దాకా కారుతుంది. తడపండి, రెండుసార్లు గట్టిగా విదల్చండి, తర్వాత క్రీమ్ ఎత్తుకుని మొహం మీద తిప్పుతూ వేళ్ళతో నాలుగైదు చుక్కలు చొప్పున నీళ్ళు కలుపుకుంటూ పోండి. పెరుగు మీగడలా మెరుస్తూ గరిట జారుడుగా వచ్చినప్పుడు ఆపండి, బుడగలు కనిపిస్తే నీళ్ళెక్కువైనట్టు. గీజర్ నుంచి పొగలొచ్చే నీళ్ళు పట్టొద్దు, పీబీటీకి మరీ వేడి మంచిది కాదు, చెయ్యి పెడితే హాయిగా అనిపించేంత వేడి చాలు. అయ్యాక కడిగి, విదిల్చి, టవల్ మీద రెండుసార్లు అటూ ఇటూ రుద్ది నిలబెడితే సాయంత్రానికి ఆరిపోతుంది, స్టాండ్ కోసం విడిగా డబ్బు పెట్టక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే రిటర్న్ గడువు లోపలే వరుసగా నాలుగు రోజులు వాడేయండి, షెల్ఫ్‌లో పెట్టి మర్చిపోవద్దు. మొదటి రోజు ప్లాస్టిక్ వాసన వస్తే షాంపూ నీళ్ళలో కడిగితే పోతుంది, దానికి భయపడక్కర్లేదు. నాలుగో రోజుకి పై పెదవి మంట పుడుతున్నా, కుచ్చు ఒక పక్కకి ఒరిగినా అదే రోజు వెనక్కి పంపేయండి.