సేవా సంస్థ కోసం గణిత ప్రాజెక్టు – 4వ పాఠం: హారంలో ఎవరున్నారు?

ఈసారి గ్రాఫులు మొదలుపెడదామన్నాను. అవి వచ్చే పాఠానికి జరుపుతున్నాను. మూడో పాఠం చివర ఇచ్చిన లెక్కకు ఎక్కువ బృందాలు 10 నిమిషాలు అని జవాబు రాశాయి. సరైన జవాబు 20. ఇంత తేడా పెట్టుకుని ముందుకు వెళ్లలేం.

లెక్క ఇదీ. జనానికి దరఖాస్తులు నింపిపెట్టే ఒక సేవా సంస్థ ఉంది. సోమవారం నుంచి గురువారం దాకా రోజుకు 10 మంది వస్తారు, సగటున 5 నిమిషాలు కాచుకుంటారు. శనివారం 60 మంది వస్తారు, సగటున 30 నిమిషాలు కాచుకుంటారు. ‘మా దగ్గరికి వచ్చేవాళ్లు ఎంతసేపు ఆగాల్సి వస్తోంది?’ అని సంస్థ అడిగింది.

మీరు 5, 5, 5, 5, 30 కూడారు. 50 వచ్చింది. దాన్ని 5తో భాగించారు. ఆ 5 రోజుల సంఖ్య. కాచుకున్నది మనుషులు. 40 మంది అయిదేసి నిమిషాల చొప్పున 200, 60 మంది ముప్ఫయ్యేసి నిమిషాల చొప్పున 1800. మొత్తం 2000 నిమిషాలు, 100 మంది. తలకు 20. పట్టికలో సగటు గడి ముందే నింపి ఇవ్వడం నా పొరపాటు. మొత్తం నిమిషాలు ఇచ్చి ఉంటే మీలో సగం మంది తప్పేవాళ్లు కాదు.

ఈ తప్పు దగ్గర నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. చదువుకునే రోజుల్లో మా బృందం కూడా ఒక సంస్థకు ఇలాగే రోజుల సగటు ఇచ్చి వచ్చింది. మా కాగితం చూసి, ఇబ్బందేమీ లేదనుకుని, రద్దీ రోజున వచ్చే ఒక వాలంటీరును వాళ్లు వేరే పనికి మార్చారు. పరీక్షలో తప్పు రాస్తే మన మార్కులు పోతాయి. ఇక్కడ తప్పు రాస్తే వరసలో ఇంకెవరో నిలబడతారు.

కాబట్టి సగటు తీసే ప్రతిసారీ హారంలో, అంటే భాగించే సంఖ్యలో, ఎవరున్నారో పైకి చదవండి. ‘రోజుకు’, ‘మనిషికి’, ‘కుటుంబానికి’, ‘గంటకు’ – ఈ మాట లేకుండా ఒక్క అంకె కూడా నివేదికలోకి వెళ్లకూడదు.

శాతాలూ ఇంతే. ఒక రోజు వచ్చిన 10 మందిలో 8 మందికి పని పూర్తయింది, అంటే 80 శాతం. ఇంకో రోజు 60 మందిలో 30 మందికి, అంటే 50 శాతం. రెండూ కలిపి 65 శాతం అనకండి. 70 మందిలో 38 మంది, అంటే సుమారు 54 శాతం. వేగమూ ఇంతే. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, అదే దారిన 60తో తిరిగొస్తే సగటు వేగం 40, 45 కాదు. నెమ్మదిగా వెళ్లినప్పుడు ఎక్కువసేపు దారిలో ఉన్నాం కదా.

ఇదే చిక్కు ఇంకో వేషంలోనూ వస్తుంది. పై లెక్కలోనే చూడండి: అయిదు రోజుల్లో 100 మంది, కాబట్టి రోజుకు సగటున 20 మంది వస్తారని రిజిస్టరు చెబుతుంది. వచ్చినవాళ్లను అడిగితే ఎప్పుడు చూసినా కిటకిటలాడుతోందంటారు. ఇద్దరి మాటా నిజమే. 40 మంది పదిమంది ఉన్న రోజును చూశారు, 60 మంది అరవైమంది ఉన్న రోజును చూశారు. 400, 3600 కలిపి 100తో భాగించండి. వచ్చిన మనిషి చూసే రద్దీ సగటున 40. జనం ఎక్కువ చేసి చెబుతున్నారని ఎప్పుడూ తీసిపారేయకండి.

అలాగని అన్నీ ఒకే మొత్తంలో కలిపేస్తే సరిపోదు. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1973 గ్రాడ్యుయేట్ (డిగ్రీ తర్వాతి చదువుల) ప్రవేశాల లెక్క చూడండి. దరఖాస్తు చేసిన పురుషుల్లో సుమారు 44 శాతానికి, మహిళల్లో సుమారు 35 శాతానికి సీట్లు దొరికాయి. విభాగాలవారీగా విడదీసి చూస్తే మహిళలకు వ్యతిరేకంగా అంత తేడా కనిపించలేదు. సీటు దొరకడం కష్టమైన విభాగాలకు మహిళలు ఎక్కువగా దరఖాస్తు చేశారు. అందుకే నా పద్ధతి ఇది: మొత్తం అంకె ఒకటి, దాని కిందే విడదీసిన అంకెలు. మన లెక్కలో అయితే 20, దాని కింద 5, 30. సంస్థకు నిజంగా పనికొచ్చేది ఆ 30.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన దగ్గరిదారి. మన లెక్కలోని సంస్థ శనివారం 3 గంటలు తెరిచి ఉంటుందనుకుందాం. అంటే 180 నిమిషాలు. జనం కాచుకున్న మొత్తం 1800 నిమిషాలు. భాగిస్తే 10. ఏ క్షణంలో తలుపు తీసి చూసినా సగటున 10 మంది కాచుకుంటూ ఉండాలి. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ పరిశోధకుడు దీనికి నిరూపణ ప్రచురించాడు: కాచుకుంటున్నవాళ్ల సగటు సంఖ్య, వచ్చే రేటును ఆగే సమయంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. ఇక్కడ గంటకు 20 మంది, అరగంట ఆగడం. జనం ఒక్కొక్కరుగా వచ్చినా, గుంపుగా వచ్చినా ఫరవాలేదు. కానీ గది ఖాళీగా మొదలై ఖాళీగా ముగియాలి, లేదా చాలాకాలం చూసిన సగటు కావాలి.

ఇది ఎంత మంచి పరీక్షో చూడండి. మీ లెక్క పది అంటోంది, అక్కడి వాలంటీరు పాతికమందికి తగ్గరని అంటోంది. అప్పుడు ముందు రిజిస్టరును అనుమానించండి. పేరు రాసింది తలుపు దగ్గరా, కుర్చీలో కూర్చోబెట్టాకా? రెండోదైతే అంతకుముందు నిలబడ్డ సమయం ఎక్కడా నమోదు కాలేదు.

పని పంచుకోవడం గురించి ఎక్కువ చెప్పను, అది మీకు తెలుసు. స్ప్రెడ్‌షీట్ తాకని ఒకరిని మాత్రం పక్కన ఉంచండి. రిజిస్టరులో ఏవైనా ఇరవై వరసలు తీసుకుని చేత్తో లెక్క కట్టడమే ఆ మనిషి పని.

అభ్యాసం. ఈసారి కూర్చుని చేసేది కాదు. మీ సంస్థలో రద్దీ ఎక్కువ ఉండే రోజున, వాళ్ల అనుమతితో, తెరిచినప్పటి నుంచి మూసేదాకా ఒక మూల కూర్చోండి. పది నిమిషాలకొకసారి ఎంతమంది కాచుకుంటున్నారో రాయండి. పేర్లు వద్దు, తలలు చాలు. మీరు రాసిన సంఖ్యల సగటును, రిజిస్టరు నుంచి పైన చెప్పినట్టు కట్టిన సంఖ్యను పక్కపక్కన పెట్టండి. రెండూ కలవకపోతే దిద్దకండి, ఎక్కడ తెగిందో వెతకండి. తర్వాత ‘సగటు’ అనే మాట వాడకుండా సంస్థకు రెండు వాక్యాల జవాబు రాయండి. అయిదో పాఠం ఆ రెండు వాక్యాలతోనే మొదలవుతుంది.