పిల్లల ముందు డైట్ కబుర్లు: ఇంట్లో మార్చుకోవాల్సిన మాటలు

ఉగాదికి కట్టుకుందామని తీసిన చీర మీదకి జాకెట్ పట్టలేదు. అద్దం ముందు నిలబడి "ఛీ, ఎంత లావైపోయానో, రేపటి నుంచి అన్నం బంద్" అనేసి, ఆ మాట అక్కడే మర్చిపోయాను. మా పాప మర్చిపోలేదు. ఆరేళ్ల పిల్ల, పండగ రోజు బొబ్బట్టు పక్కకి నెట్టేసి, గౌను పైకెత్తి పొట్ట చూసుకుంటూ "నాది కూడా లావైందా అమ్మా?" అని అడిగింది.

బెంగళూరులో మాలాంటి ఇళ్లకి స్టెప్స్ లెక్కలు, అన్నం, రొట్టెలు బాగా తగ్గించేసే కీటో డైట్, పదహారు గంటల ఫాస్టింగ్ కబుర్లు ఆఫీసు నుంచి రోజూ వస్తూనే ఉంటాయి, మనం పెద్దవాళ్లతోనే మాట్లాడుతున్నాం అనుకుంటాం కానీ పక్కన బొమ్మలు పేర్చుకునే పిల్ల చెవులు ఇటే ఉంటాయి. అమెరికాలో ఐదేళ్ల ఆడపిల్లల మీద చేసి 2000లో ప్రచురించిన ఒక పరిశోధనలో, తల్లి అప్పుడు గానీ అంతకు కొద్దికాలం ముందు గానీ డైటింగ్ చేసిన ఇళ్లలో, పిల్లకి డైటింగ్ గురించి ఆలోచనలు ఉండే అవకాశం మిగతావాళ్ల కంటే రెండింతలు దాటింది. ఐదేళ్లకే! "చిన్నపిల్ల, దానికేం తెలుస్తుందిలే" అనుకోకండి.

మీరు డైట్ మానక్కర్లేదు, మాట మార్చండి. ముందు మూడు రోజులు మీ నోటివెంట ఏమొస్తోందో మీరే గమనించుకోండి, ఇంటాయన్ని కూడా గమనించమనండి, ఎందుకంటే ముద్దుగా "బొండాం" అని పిలిచేది చాలా ఇళ్లలో నాన్నలే. మగపిల్లలకి ఇవేవీ పట్టవని కూడా అనుకోవద్దు. తర్వాత ఒక్కో మాటకీ బదులు మాట వెతుక్కోండి. జాకెట్ పట్టకపోతే "జాకెట్ చిన్నదైంది, కుట్లు విప్పిద్దాం" అంటే చాలు. నేను పాపని వెంటబెట్టుకునే మారతహళ్లిలో టైలర్ దగ్గరికి వెళ్లి వదులు చేయించుకున్నాను, ఆ రాత్రే "అమ్మ ఆ రోజు తన ఒంటిని తిట్టుకుంది, అది తప్పు, నీ పొట్ట నువ్వు తిన్నది అరిగించుకుని నిన్ను పెంచుతోంది" అని చెప్పాను. ఒక్కసారితో అయిపోలేదు, ఇంకో రెండు మూడుసార్లు అడిగింది, అదే జవాబు ఓపిగ్గా చెప్పాను.

నిజంగానే ఇంట్లో షుగర్ ఉండి అన్నం తగ్గించాల్సి వస్తే దాచకండి. "నాన్నకి షుగర్ ఉంది, డాక్టర్ తగ్గించమన్నారు, నీది పెరిగే ఒళ్లు, నీకది వర్తించదు" అనండి. మీరు రాగిసంకటి తిన్నా, పుల్కా తిన్నా వాళ్లతో పాటే కూర్చుని తినండి, ఖాళీ ప్లేటుతో పక్కన కూర్చుంటే పిల్లలు అదే నేర్చుకుంటారు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లో ఇచ్చిన సూచనల్లో కూడా ఇంట్లో బరువు మాటలు మానమనీ, కలిసి భోంచేయమనీ ఉంది.

డైట్ పక్కన పెట్టి ఇష్టమైనవి తినే రోజుని "చీట్ డే" (మోసం చేసే రోజు) అంటారు, ఆ మాట నాకసలు నచ్చదు. దోసె మీద వెన్న వేసుకుంటే అందులో మోసం ఏముంది? స్వీట్లు పైఅరలో దాచి "నీకొద్దు" అంటే పిల్లల మనసంతా ఆ అర మీదే ఉంటుంది. ఎలిన్ సాటర్ అనే అమెరికన్ డైటీషియన్ చెప్పిన పద్ధతి మా ఇంట్లో బాగా పనిచేసింది: ఏం వండాలో, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో మనం చూసుకోవాలి, తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లలకి వదిలేయాలి. "ఇంకొక్క ముద్ద" అనే అలవాటు మానడం నాకు అన్నింటికంటే కష్టమైంది.

బరువు గురించి అనుమానముంటే పిల్లల డాక్టర్‌ని అడగండి, కానీ పిల్ల గదిలో లేనప్పుడు. వాళ్లు ఒక్క అంకె చూసి తేల్చరు, వయసుతో పాటు ఎత్తు, బరువు పెరిగే తీరు చూపే గ్రోత్ చార్ట్ మీద గీత ఎలా సాగుతోందో చూస్తారు. యుక్తవయసు వచ్చేటప్పుడు ఆడపిల్లలు కాస్త ఒళ్లు చేయడం సహజం. పిల్ల భోజనాలు ఎగ్గొడుతున్నా, తిండి దాచేస్తున్నా, మాటిమాటికీ వెయింగ్ మెషీన్ ఎక్కుతున్నా మాత్రం ఆగకండి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక ఊళ్లో ఉన్న పెద్దవాళ్లు. వీడియో కాల్ ఎత్తగానే "పాప చిక్కిపోయిందే" లేదా "బొద్దుగా అయిందే". మా అత్తయ్యగారికి పాప లేనప్పుడు ఫోన్ చేసి "లావు, సన్నం మాటలు దాని ముందు వద్దండీ, అది రాత్రిళ్లు అదే తలుచుకుంటోంది" అని ఉన్నదున్నట్టు చెప్పాను. మొదట కాస్త నొచ్చుకున్నారు. ఇప్పుడు కాల్ కలవగానే ఊగుతున్న పన్ను ఊడిందా లేదా అని అడుగుతున్నారు, ఇదేమో ఫోన్‌కి దగ్గరగా నోరు తెరిచి చూపిస్తోంది.