పక్కవాడి అంకె మీ చిప్‌కు ఎందుకు సరిపోదు? ఓవర్‌క్లాకింగ్‌లో మీ హద్దు కనుక్కోవడం ఎలా?

చిప్‌ను కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడపడమే ఓవర్‌క్లాకింగ్. చెన్నైలో కంప్యూటర్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌లో ఒకే కొట్లో, ఒకే రోజు, ఒకే మోడల్ గ్రాఫిక్స్ కార్డులు రెండు కొన్నారనుకోండి. ఒకదానికి కోర్ (లెక్కలు చేసే ముఖ్య భాగం) వేగం 150 మెగాహెర్ట్జ్ ఎక్కువ పెట్టినా కిక్కురుమనదు. రెండోది 90 దాటగానే గేమ్ మూసేసి డెస్క్‌టాప్ చూపిస్తుంది. ఇందులో ఏదీ పాడైన సరుకు కాదు. డబ్బా మీద రాసిన వేగం వరకే కంపెనీ పూచీ, ఆ పైన వచ్చేదంతా మన అదృష్టం. "ఇది ఎంతదాకా లాగుతుందన్నా?" అని కౌంటర్ దగ్గర అడిగితే "బిగించి చూసుకోవాల్సిందే బాబూ" అంటాడు. అతను చెప్పేది నిజమే.

చిప్‌లను 300 మిల్లీమీటర్ల వెడల్పున్న సిలికాన్ పలక మీద వందల కొద్దీ ఒకేసారి చెక్కుతారు. పెనం మీద దోసె నడుమ ఒకలా, అంచున ఒకలా కాలినట్టే, ఆ పలక మీద కూడా పొరల మందం, ట్రాన్సిస్టర్ల కొలతలు అణువంత తేడాతో వస్తాయి. ఆ కాస్త తేడాతోనే ఒక చిప్ తక్కువ వోల్టేజ్‌కే పరుగెడుతుంది, కానీ కరెంటు ఎక్కువ లీకై వేడెక్కుతుంది. ఇంకోటి చల్లగా ఉంటుంది గానీ అదే వేగానికి ఎక్కువ వోల్టేజ్ అడుగుతుంది. కంపెనీలు వీటిని పరీక్షించి గ్రేడ్లుగా విడదీస్తాయి. ఇంటెల్ 2019లో అమ్మిన కోర్ ఐ9-9900కెఎస్ అలా ఏరిన సరుకే: అన్ని కోర్లూ 5 గిగాహెర్ట్జ్‌తో నడిచేలా ఎంచిన 9900కె చిప్‌లు. 1998లో సెలెరాన్ 300ఎ కొన్నవాళ్లలో చాలామంది 300 మెగాహెర్ట్జ్ చిప్‌ను 450 దాకా తీసుకెళ్లారు. ఇప్పుడా మిగులులో చాలా భాగాన్ని బూస్ట్ (చిప్ తనంతట తానే వేగం పెంచుకోవడం) పేరుతో కంపెనీయే వాడేస్తోంది. మనకు మిగిలేది కొసరే కాబట్టి చిప్‌కూ చిప్‌కూ మధ్య తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

1. ముందు మీ సిస్టమ్ ఒప్పుకుంటుందో లేదో చూడండి

ఇంటెల్‌లో అయితే పేరు చివర 'కె' ఉన్న ప్రాసెసర్, జెడ్ రకం మదర్‌బోర్డు ఉండాలి. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లలో చాలా మోడళ్లకు వేగం పెంచకుండా వేసే తాళం ఉండదు. బి, ఎక్స్ రకం బోర్డులు చాలావరకు పనికొస్తాయి, ఎ520 లాంటివి పనికిరావు. బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగులు నడిపే ప్రోగ్రామ్) కొత్తది వేసుకోండి. ఇంటెల్ 13, 14 తరాల చిప్‌లున్నవాళ్లు దీన్ని అసలు వాయిదా వేయొద్దు. ఎక్కువ వోల్టేజ్ వల్ల వాటిలో కొన్ని పాడవుతున్నాయని తేలాక, 2024 ఆగస్టు నుంచి కంపెనీ దిద్దుబాట్లు విడుదల చేసింది. ఓవర్‌క్లాకింగ్ వల్ల జరిగిన నష్టానికి వారంటీ ఇవ్వమని ఇంటెల్, ఏఎండీ రెండూ ముందే రాసిపెట్టాయి.

2. కొలత మొదలుపెట్టాల్సింది మిట్టమధ్యాహ్నం

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో వేళచ్చేరిలో పై అంతస్తు గదిలో ఉన్నవాళ్లు రాత్రి ఏసీ వేసుకుని తేల్చిన అంకెను నమ్ముకోకూడదు. చిప్ వేడెక్కేకొద్దీ లీకేజీ పెరుగుతుంది, నిలకడ తగ్గుతుంది. ఎన్విడియా కార్డులైతే వేడి పెరిగేకొద్దీ క్లాక్‌ను, అంటే నడిచే వేగాన్ని, తమంతట తామే కొద్దికొద్దిగా దించుకుంటాయి. అందుకే మీ గది ఎప్పుడు బాగా ఉడుకుతుందో అప్పుడే కొలవండి. ఏమీ మార్చకుండా ఓ అరగంట సినీబెంచ్ (ప్రాసెసర్‌కు), సూపర్‌పొజిషన్ (గ్రాఫిక్స్ కార్డుకు) లాంటి బెంచ్‌మార్క్‌లు, అంటే వేగాన్ని కొలిచి స్కోరు ఇచ్చే ప్రోగ్రాములు, నడిపి స్కోరు, క్లాక్, వేడి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. గది ఉష్ణోగ్రత కూడా రాయాలి. అది రాయకపోతే రేపు ఆ స్కోరును దేనితోనూ పోల్చలేరు.

3. ప్రాసెసర్: వేగం పెంచే ముందు వోల్టేజ్ తగ్గించి చూడండి

పవర్ ఖర్చు వోల్టేజ్ వర్గాన్ని (వోల్టేజ్‌ను దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది. 1.25 వోల్టుల నుంచి 1.35కి వెళ్తే, వేగం అలాగే ఉన్నా పవర్ దాదాపు 17 శాతం ఎక్కువవుతుంది. మన ఊరి ఎండలకు ఇది లాభసాటి బేరం కాదని నా అభిప్రాయం.

రైజెన్ 5000, ఆ తర్వాతి చిప్‌లున్నవాళ్లకు బయోస్‌లో కర్వ్ ఆప్టిమైజర్ అనే, ఒక్కో కోర్‌కు వోల్టేజ్ తగ్గించే సెట్టింగ్ ఉంటుంది. అన్ని కోర్లకూ మైనస్ 10తో మొదలుపెట్టి, నిలబడితే మైనస్ 15, మైనస్ 20 అంటూ దిగండి. ఎక్కడో ఒకచోట ఒక కోర్ మొరాయిస్తుంది. దాన్ని మాత్రం వెనక్కి తీసుకుని మిగతావాటితో ముందుకు వెళ్లండి. తమాషా ఏమిటంటే, ఒకే చిప్‌లోని కోర్లు కూడా సమానంగా ఉండవు. ఏఎండీ సాఫ్ట్‌వేర్ రైజెన్ మాస్టర్‌లో మెరుగైనవిగా గుర్తుపెట్టిన కోర్లే చాలాసార్లు ముందుగా చేతులెత్తేస్తాయి. వాటికి కంపెనీ ముందే తక్కువ వోల్టేజ్‌తో ఎక్కువ పని అప్పజెప్పింది, ఇంకా తగ్గించడానికి చోటు ఉండదు.

సిస్టమ్ అసలు లేవకపోతే టెన్షన్ పడకండి. పవర్ తీసేసి బోర్డు మీది సీమాస్‌ను (బయోస్ సెట్టింగులు దాచుకునే మెమరీని) క్లియర్ చేస్తే బయోస్ మొదటి స్థితికి వస్తుంది.

4. గ్రాఫిక్స్ కార్డు

కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్ తెరిచి ముందు పవర్ లిమిట్‌ను (కార్డు వాడుకోగల పవర్ హద్దును) చివరిదాకా జరపండి. తర్వాత కోర్ క్లాక్‌ను 15 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ, ప్రతిసారీ బెంచ్‌మార్క్ నడపండి. తెర మీద చుక్కలు మెరిసినా, డ్రైవర్ పడిపోయినా రెండు మెట్లు వెనక్కి రావాలి.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. "నాది +150, నీది +90" అని పోల్చుకోవడంలో అర్థం లేదు. ప్రతి చిప్‌కూ ఏ వోల్టేజ్ దగ్గర ఎంత వేగమన్న లెక్క ఫ్యాక్టరీలోనే రాసి పెట్టి ఉంటుంది. ఆ లెక్క కార్డుకో రకంగా ఉంటుంది. ఏమీ ముట్టుకోకుండానే ఒకటి 1,905 దగ్గర, ఇంకోటి 1,965 దగ్గర నడవచ్చు. మొదటిది +150తో 2,055కు చేరుతుంది, రెండోది +90తోనే అక్కడికి వస్తుంది. రెంటిదీ ఒకే హద్దు! పోల్చాల్సింది చివరికి నిలిచిన క్లాక్‌నూ, దానికి పట్టిన వోల్టేజ్‌నూ.

మెమరీ దగ్గర మోసం ఇంకోలా ఉంటుంది. ఆర్‌టీఎక్స్ 3080లోని జీడీడీఆర్6ఎక్స్ లాంటి మెమరీ తప్పు దొర్లితే పట్టుకుని అదే డేటాను మళ్లీ పంపుతుంది. క్రాష్ అవ్వదు, చుక్కలూ రావు, స్కోరు మాత్రం జారుతుంది. అందుకని మెమరీ క్లాక్‌ను 100 చొప్పున పెంచుతూ స్కోరు చూడండి. +700 దగ్గర పెరిగి +800 దగ్గర తగ్గిందంటే మీ హద్దు 700, కార్డు +1000 దగ్గర నడుస్తున్నా సరే. ఒకే మోడల్‌లో మెమరీ చిప్‌లు వేర్వేరు కంపెనీలవి కూడా ఉండొచ్చు, ఎవరివో కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో కనిపిస్తుంది.

5. మౌనంగా దొర్లే తప్పులు

పది నిమిషాల బెంచ్‌మార్క్ పాసవడం మొదటి వడపోత మాత్రమే. చిప్‌ను పూర్తి భారంతో పరీక్షించే ఓసీసీటీ లేదా ప్రైమ్95 కొన్ని గంటలు నడిపి, సిస్టమ్ కొలతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో విండోస్ హార్డ్‌వేర్ ఎర్రర్ల లెక్క సున్నాగానే ఉందా అని చూడండి. ఒక్కటి కనిపించినా ఆ సెట్టింగ్ వద్దు. వోల్టేజ్ తగ్గించిన రైజెన్‌లు ఖాళీగా ఉన్నప్పుడు కూడా రీస్టార్ట్ అవుతుంటాయి కాబట్టి రెండు మూడు రోజులు మామూలు పనికి వాడి చూడాలి.

చివరి హద్దు తేలాక కోర్ మీద మరో 15, 30 తగ్గించి ప్రొఫైల్ సేవ్ చేసుకోండి. ఎప్పుడైనా వారంటీలో కార్డు మారి వస్తే, దాన్ని బిగించే ముందే ఆఫ్టర్‌బర్నర్‌లో ఆ ప్రొఫైల్ చెరిపేయండి. లేదంటే విండోస్ లేవగానే పాత కార్డు అంకెలే కొత్త చిప్ మీద పడతాయి.