గ్రామీణ పోలీసుల పనితీరును మదింపు చేయడం ఎలా

గ్రామీణ పోలీసుల పనితీరును మదింపు చేయబూనినవారు నేరాల మొత్తం సంఖ్యతో మొదలుపెట్టకూడదు. కేసులు తగ్గాయి కాబట్టి పోలీసులు బాగా పనిచేశారన్న లెక్క నగరాల్లోనే అంతంతమాత్రం. అందరికీ అందరూ తెలిసిన పల్లెల్లో అది అసలే నిలవదు. నిందితుడు బంధువో, పొరుగువాడో, ఊళ్లో పలుకుబడి ఉన్నవాడో అయినచోట బాధితులు, ముఖ్యంగా గృహహింసకు గురైన మహిళలు, స్టేషన్ మెట్లెక్కడానికి వెనకాడతారు. ధైర్యం చేసి వెళ్లినా విషయం రాజీతో ముగిసిపోయి కాగితం మీదికి రాకపోవచ్చు.

అందుకే కంట్రోల్ రూమ్‌కు వచ్చిన ఫోన్లతో మొదలుపెట్టడం మేలు. కొన్ని నెలల లాగ్‌లోంచి ఏరికోరి కాకుండా లాటరీ పద్ధతిలో యాభై, అరవై ఫోన్లను తీసుకొని, ఎవరు వెళ్లారు, ఏమని రాశారు, కేసు నమోదు చేశారా, చేయకపోతే కారణం ఎక్కడ రాసి ఉంది అని ఒక్కొక్కదాన్ని చివరిదాకా వెంబడించాలి. లాగ్‌లో ‘పొలంలో మోటారు ఎత్తుకుపోయారు’ అని ఉన్నది స్టేషన్ రికార్డులో ‘మోటారు కనబడుట లేదు’ అని మారితే, ఆ ఒక్క మాటతో ఒక దొంగతనం లెక్కలోంచి జారిపోయినట్టే. ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలీసు తనిఖీ సంస్థ 2014లో ఇలాగే రికార్డులను సరిపోల్చి చూస్తే, ప్రజలు పోలీసుల దృష్టికి తెచ్చిన నేరాల్లో దాదాపు 19 శాతం నేరాలుగా నమోదే కాలేదని తేలింది. ఆ తరువాత ఫోన్ చేసినవారిలో కొందరితో, పోలీసులెవరూ వెంట లేకుండా, వారికి అనువైన చోట మాట్లాడాలి. మదింపు మొత్తంలో ఎక్కువ సమయం పట్టేది, ఎక్కువ సంగతులు తెలిసేది ఇక్కడే.

చిన్న సంఖ్యల విషయంలో జాగ్రత్త అవసరం. ఏడాదికి 4 ఇళ్ల దొంగతనాలు జరిగే స్టేషన్‌లో మరుసటి ఏడు 6 జరిగితే శాతం లెక్కలో అది 50 శాతం పెరుగుదల. నిజానికి అంతపాటి తేడా కాకతాళీయంగానే రావచ్చు. కాబట్టి మూడు నుంచి ఐదేళ్ల లెక్కలను కలిపి చూడాలి.

ఘటనాస్థలికి చేరడానికి పట్టిన సమయాన్ని సగటుతో కొలిస్తే, స్టేషన్ పక్కనే ఉన్న ఊళ్లు దూరపు ఊళ్ల అవస్థను కప్పేస్తాయి. అత్యవసర ఫోన్లను విడదీసి, పదింట తొమ్మిదింటికి ఎంత సమయంలోపు చేరుకున్నారో ఊళ్లవారీగా, రాత్రి పగలు వేరుగా లెక్కగట్టాలి. దాని పక్కనే రాత్రి డ్యూటీలో నిజంగా ఎందరున్నారో, నడిచే స్థితిలో ఎన్ని వాహనాలున్నాయో కూడా రాయాలి. ఒకే వాహనంతో విశాలమైన ప్రాంతాన్ని చూసుకునే స్టేషన్‌ను పట్టణ స్టేషన్‌తో పోల్చి తప్పుపట్టడం అన్యాయం. విస్తీర్ణం, రోడ్లు, సిబ్బంది దాదాపు సమానంగా ఉన్న స్టేషన్లతోనే పోల్చాలి.

పోలీసులపై ఫిర్యాదులు లేకపోవడాన్ని మంచి గుర్తుగా తీసుకునే ముందు, ఫిర్యాదు చేయాలంటే ఎంత దూరం వెళ్లాలో, దాన్ని ఎవరు విచారిస్తారో కనుక్కోవాలి. అదే స్టేషన్‌లో ఇచ్చి అక్కడివారే విచారించే ఏర్పాటు ఉన్నచోట ఫిర్యాదుల సంఖ్యకు విలువ లేదు.

నివేదికను ఖరారు చేసే ముందు, తేడాలు కనిపించిన ఫోన్ల జాబితాను బాధితుల వివరాలు బయటపడకుండా స్టేషన్ అధికారికి ఇచ్చి, ఒక్కొక్కదానికి రాతపూర్వక వివరణ తీసుకొని, దాన్ని యథాతథంగా నివేదికకు జతచేయాలి.