శాలువాలు లేకుండా ఒక కథ గురించి మాట్లాడుకోవాలంటే

గోదావరి జిల్లాల్లో పుస్తకావిష్కరణ సభలకేం లోటు లేదు. ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథి, శాలువా, జ్ఞాపిక, గ్రూప్ ఫోటో, ఇవన్నీ అయ్యాక అసలు పుస్తకం గురించి మాట్లాడాల్సినాయనకి "రెండు నిమిషాల్లో ముగించండి" అని చీటీ వెళ్తుంది. చదివినవాళ్లు కూర్చుని చదివినదాని గురించే మాట్లాడుకోవాలంటే పద్ధతి వేరు. ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

ముందు నవల జోలికి వెళ్లకండి. ఒక్క కథ చాలు, ఒక్క కూర్చోడంలో అయిపోయేది. మొదటిసారికి పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' పెట్టుకోండి. ఆయన పుట్టింది అత్తిలి దగ్గర తిరుపతిపురంలోనే. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో దానికి రెండో బహుమతి వచ్చిందని చాలామంది చెప్తారు, చదివారా అంటే మాత్రం నీళ్లు నములుతారు.

చోటుకి మీ ఊరి శాఖా గ్రంథాలయాన్ని అడగండి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం, మొహమాటమెందుకు? శుక్రవారం సెలవు, అదొక్కటి చూసుకోండి. ఎవరింట్లోనూ మాత్రం పెట్టొద్దు. మనవాళ్ల మర్యాద సంగతి తెలిసిందే కదా, పెసరట్టు ఉప్మాతో మొదలై భోజనాల దాకా వెళ్లిపోతుంది, కథ అటకెక్కుతుంది. టీ, బిస్కెట్లతో సరిపెట్టండి. వరి కోతల రోజులు వదిలేయండి, చేపల చెరువుల వాళ్లుంటే మేత వేసే టైం కనుక్కోండి. ఎనిమిది పది మంది చాలు, వేదిక, మైకు వద్దు.

ఇక అసలు పని. "ఈ కథ ఇచ్చే సందేశం ఏమిటి?" అని అడిగారా, అక్కడితో సరి, ప్రతివాళ్లూ పదో తరగతి పరీక్ష రాసినట్టు మానవత్వం అని చెప్పి కూర్చుంటారు. దానికి బదులు కథలో ముఖ్యపాత్ర పేరు పెట్టి "రావుగారు ఎక్కడ మారడం మొదలుపెట్టాడు? ఆ వాక్యం చదివి వినిపించండి" అనండి. అందరూ పేజీలు తిప్పడం మొదలుపెడతారు. ఒకరు రైల్లో బిచ్చగత్తె ఎదురైన చోటు చూపిస్తారు, ఇంకొకరు కాదు, స్టేషన్లో చీకటి పడ్డాక అంటారు, మూడో ఆయన అసలు మారలేదండీ, పొద్దున్నే మళ్లీ మామూలే అంటాడు. ముగ్గురి దగ్గరా వాక్యం ఉంటుంది కాబట్టి గొడవ మనుషుల మీదకి పోదు. కథ చివర్లో వచ్చే పర్సు సంగతి మాత్రం మీరే ముందు ఎత్తకండి, ఎవరో ఒకరు ఎత్తుతారు.

కోనసీమలో ఈ కథ పెడితే ఇంకో చిక్కుంది. 1996 నవంబరు తుఫాను చూసిన పెద్దాళ్లు ఒక్కరున్నా చాలు, కొబ్బరి చెట్లు ఎలా కూలాయో, ఆ రాత్రి ఎక్కడ తలదాచుకున్నారో మొదలవుతుంది. ఆపకండి. కాసేపు చెప్పనివ్వండి, ఎందుకంటే కథలో గాలి చప్పుడు నిజంగా అలాగే ఉందా అని తేల్చగలిగేది వాళ్లే. ఆ తర్వాత "మరి ఇక్కడ రాసింది సరిపోయిందంటారా బాబాయ్ గారూ?" అని అడిగితే ఆయనే పుస్తకంలోకి వచ్చేస్తారు. ప్రసంగానికి సిద్ధమై వచ్చిన మేష్టారుంటే ఆయన్ని ఆఖర్లో మాట్లాడించండి.

రెండోసారి ఇప్పుడు రాస్తున్నవాళ్ల కథ తీసుకోండి, కానీ జిరాక్సులు పంచొద్దు. తెలుగులో కథల పుస్తకం ఐదొందల కాపీలో వెయ్యో వేస్తారు, చాలాసార్లు సొంత డబ్బుతోనే. లోపల 'ప్రతులకు' అన్నచోట ఫోన్ నంబరు ఉంటుంది, చేసి డబ్బు పంపితే పోస్టులో వచ్చేస్తాయి. రచయితను మొదట్నుంచీ కూర్చోబెడితే అందరూ పొగడ్తలకు దిగుతారు, అందుకని మాటలన్నీ అయ్యాక ఆఖరి అరగంట ఫోన్లో స్పీకర్ పెట్టి కలపండి, తేలని ప్రశ్న ఒకటి దాచి ఉంచి అదే ముందు అడగండి.