సమ్మె నోటీసు అందాక రవాణా మంత్రి చేతిలో ఏముంటుంది

నోటీసు రాగానే ప్రెస్‌మీట్ పెట్టకండి. ముందు ఆర్థిక అధికారులను కూర్చోబెట్టి, ఒక శాతం జీతం పెంచితే ఏటా ఎంత భారమో లెక్క వేయించండి. ఏటా 3 శాతం చొప్పున నాలుగేళ్లు ఇస్తే అది 12 కాదు, 12.55, పెరిగిన దాని మీదే మళ్లీ పెరుగుతుంది కదా. మూలవేతనం పెరిగితే ఓవర్‌టైం కూడా దాని వెంటే పెరుగుతుంది. ఒక్కసారే చేతిలో పెట్టే మొత్తానికి ఆ తోక ఉండదు. ఈ కాగితం బయటికి పొక్కిందా, బేరం మీ చివరి అంకె దగ్గరే మొదలవుతుంది.

మొదటి రోజే చర్చలకు మీరు వెళ్లొద్దు. మంత్రి గదిలో ఉంటే యూనియన్ నాయకులు అధికారులతో మాట్లాడరు. రాజీ కుదిర్చే అధికారిని పంపి, మీరు చివరి 48 గంటలకు మిగలండి.

చట్టం ఒప్పుకునే చోట సమ్మెను కొన్నాళ్లు వాయిదా వేయించవచ్చు. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు బార్ట్ రైళ్ల విషయంలో గవర్నర్ జెర్రీ బ్రౌన్ కోర్టు ద్వారా 60 రోజుల గడువు తెప్పించారు. అది అక్టోబరు 10న ముగిసింది. 18న రైళ్లు ఆగాయి. జీతాల దగ్గర దూరం చాలావరకు తగ్గినా పని నిబంధనల దగ్గర బెడిసింది. అందుకే గడువు దొరికిన రోజే డ్యూటీ చార్టులు, విశ్రాంతి వేళలు బల్ల మీద పెట్టించండి. అవి చివరికి నెట్టేసే అంశాలు కావు.

నిషేధం ఉన్నంత మాత్రాన సమ్మె ఆగదు. న్యూయార్క్‌లో ప్రభుత్వ ఉద్యోగుల సమ్మెను నిషేధించే టేలర్ చట్టం ఉండగానే 2005 డిసెంబరులో మూడు రోజులు బస్సులు, సబ్‌వే నిలిచాయి. జరిమానాలు తర్వాత పడ్డాయి. చేయలేని బెదిరింపు అసలే వద్దు. తెలంగాణలో 2019లో ఆర్టీసీ కార్మికులు తమ ఉద్యోగాలు తామే పోగొట్టుకున్నారన్న ప్రభుత్వమే, 52 రోజుల సమ్మె ముగిశాక వాళ్లను వెనక్కి తీసుకుంది.

ఇక ప్రత్యామ్నాయ బస్సులు. వెయ్యి మంది ఎక్కే రైలు ఐదు నిమిషాలకొకటి నడుస్తుందనుకోండి: గంటకు 12,000 మంది. బస్సుకు 60 మంది చొప్పున ఒకే దిశలో గంటకు 200 బస్సులు కావాలి. దొరకవు, దొరికినా రోడ్డు పట్టదు. ఉన్నవాటిని ఆసుపత్రుల దారులకు, తెల్లవారుజాము షిఫ్టులకు కేటాయించండి. కొత్తవాళ్లకు హడావుడిగా స్టీరింగ్ అప్పగించకండి. బార్ట్ సమ్మెలోనే అక్టోబరు 19న, శిక్షణలో ఉన్న వ్యక్తి నడుపుతున్న రైలు ఢీకొని పట్టాల మీద ఇద్దరు పనివాళ్లు చనిపోయారు. ఆ తర్వాత మంత్రి చెప్పే మాట ఎవరి చెవికెక్కుతుంది?

ఫ్రాన్స్ పద్ధతి కాస్త నయం. 2007 చట్టం ప్రకారం సమ్మెలో చేరే ఉద్యోగి 48 గంటల ముందే చెప్పాలి. నడిచే సర్వీసుల వివరాలు ప్రయాణికులకు 24 గంటల ముందే అందుతాయి.

ఒప్పందంలో జీతం అంకె ఒక్కటే రాసి సంతకం చేయించకండి. సమ్మె రోజుల వేతనం, పెట్టిన కేసులు, కక్షసాధింపు బదిలీలు, ఈ మూడూ అక్షరాల్లో ఉండాలి. ఒక్కటి నోటి మాటగా వదిలినా మర్నాడు పొద్దున డిపో గేటు దగ్గర మళ్లీ టెంటు వెలుస్తుంది.