సరైన గోధుమ రంగు ఐలైనర్ పెన్సిల్‌ను ఎలా ఎంచుకోవాలి?

నల్ల పెన్సిల్ కొనడంలో పెద్ద చిక్కు ఉండదు. ఏ కంపెనీదైనా నలుపు నలుపే. తేడా అంతా ఎంతసేపు నిలుస్తుంది, కంటికి పడుతుందా లేదా అన్న దగ్గరే వస్తుంది. గోధుమ రంగు సంగతి అలా కాదు. మూత మీద ఒకే పేరు ఉన్న రెండు పెన్సిళ్ళలో ఒకటి కొత్త చింతపండులా ఎర్రగానూ, రెండోది బాగా వేయించిన కాఫీ గింజలా నల్లగానూ ఉండవచ్చు. పైగా విశాఖపట్నం లాంటి సముద్రతీర నగరంలో ఉదయం 9 గంటలకు తీర్చిన గీత ఉక్కకూ చెమటకూ మధ్యాహ్నానికే కంటి కిందికి దిగుతుంది. అందువల్ల ఇక్కడ గోధుమ రంగు పెన్సిల్ కొనేవారు రంగును ఒక పరీక్షగా, నిలకడను మరో పరీక్షగా విడివిడిగా చూసుకోవాలి. ఆ రెండింటిలో ఏదీ షాపు దీపాల కింద తేలదు.

ముందుగా ఎక్కడ గీస్తారో తేల్చుకోండి

కాటుక అలవాటు మనలో చాలామందికి కింది రెప్ప లోపలి తడి అంచుతోనే మొదలవుతుంది. గోధుమ రంగుకు అది అంతగా నప్పే చోటు కాదు. ఆ అంచు ఎప్పుడూ కన్నీటితో తడిగా ఉంటుంది కనుక ఏ పెన్సిలైనా అక్కడ త్వరగా పలచబడుతుంది. నలుపు పలచబడినా కాటుకలాగే కనిపిస్తుంది, గోధుమ రంగు పలచబడితే మాత్రం కంటి అంచు మాసినట్టు ఉంటుంది. అదీగాక కన్నీరు త్వరగా ఆరిపోకుండా కాపాడే నూనెను విడుదల చేసే మైబోమియన్ గ్రంథుల రంధ్రాలు సరిగ్గా ఆ అంచు మీదే వరుసగా ఉంటాయి. వాటి మీద రోజూ మైనం పూయడం మంచిది కాదు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారు, కళ్ళు పొడిబారే ఇబ్బంది ఉన్నవారు లోపలి అంచును పూర్తిగా వదిలేయాలి. కాబట్టి ఇకపై చెప్పేదంతా పై రెప్ప మీద వెంట్రుకల మొదళ్ళ వెంట, కింది రెప్పకు బయటి కనుకొస నుంచి మూడో వంతు వరకు గీసే గీత గురించే.

మీకు నప్పే గోధుమ రంగు ఏదో గుర్తించండి

ఐలైనర్ పెన్సిళ్ళలో గోధుమ రంగు సాధారణంగా ఐరన్ ఆక్సైడ్ల నుంచి వస్తుంది. పెట్టె మీది పదార్థాల జాబితాలో వీటిని అంకెలతో రాస్తారు: 77491 అంటే ఎరుపు, 77492 అంటే పసుపు, 77499 అంటే నలుపు. ఈ మూడింటిని కలిపే పాళ్ళను బట్టే గోధుమ రంగు అన్ని రకాలుగా మారుతుంది. జాబితాలో అంకెలు ఏ వరుసలో ఉన్నా దాన్ని బట్టి పాళ్ళు తెలియవు, కనుక కంటితో చూసి గుర్తుపట్టడం నేర్చుకోవాలి. కంపెనీలు పెట్టే పేర్లు ఒకదానికొకటి పొసగవు. ఇంట్లో రోజూ చూసే వస్తువులతో పోల్చుకోవడమే సులువు.

నలుపు ఎక్కువైనది కాఫీ గింజ రంగు. నలుపుకు అలవాటు పడి మొదటిసారి గోధుమ రంగుకు మారేవారికి, ఆఫీసుకు వెళ్ళేవారికి ఇది చక్కగా కుదురుతుంది. పసుపు ఎక్కువైతే బెల్లం రంగు వస్తుంది. పసిమి ఛాయ వారికి పగటి వేళ ఇది ఎంతో మృదువుగా ఉంటుంది కానీ చామనచాయ వారి రెప్ప మీద గీసినట్టే కనిపించదు. మూడూ తగ్గించి తెలుపు కలిపితే ఎండిన మాను బెరడులాంటి బూడిద గోధుమ వస్తుంది. అది నిగ్రహంగా, హుందాగా ఉండే రంగే, కానీ మన ముదురు చర్మం మీద కొన్నిసార్లు విబూది రాసినట్టు తేలిపోతుంది.

ఎరుపు ఎక్కువైన చింతపండు రంగు దగ్గర మాత్రం అందరూ ఒక్క క్షణం ఆగాలి. మా చిన్నమ్మ కూతురి పెళ్ళికి నేను కొత్తగా కొన్న అలాంటి పెన్సిల్‌తో రెండు రెప్పలూ తీర్చుకుని సింహాచలం వెళ్ళాను. షాపులో చేతి మీద చూసినప్పుడు అది ఎంతో అందంగా అనిపించింది. తెల్లవారుజాము ముహూర్తం, రాత్రంతా నిద్ర లేదు. మా అత్త నన్ను చూడగానే, "ఏటమ్మా, కళ్ళు అలా ఎర్రబడ్డాయి, కలక గానీ వచ్చిందా?" అని నిజంగానే కంగారు పడింది. తప్పు పెన్సిల్ నాణ్యతది కాదు. నిద్రలేని కంటి కింద అప్పటికే ఉన్న ఎరుపును ఆ రంగు ఎత్తి చూపింది. కళ్ళ కింద నలుపు గాని ఎరుపు గాని ఉన్నవారు ఈ రంగును పై రెప్పకే పరిమితం చేసి, కింది రెప్పకు అసలు తాకించకుండా ఉండటం మేలు.

రంగును దేనితో పోల్చాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. ముఖం ఛాయతో కాదు, రెప్ప చర్మంతో పోల్చాలి. మనలో అనేకులకు రెప్ప బుగ్గల కంటే రెండు ఛాయలు ముదురుగా ఉంటుంది, గీత పడేది దాని మీదే. పెన్సిల్ రంగు ఆ రెప్ప కంటే స్పష్టంగా ముదురుగా ఉండాలి. తరువాత పగటి వెలుతురులో కిటికీ దగ్గర అద్దం పట్టుకుని కంటిపాప చుట్టూ ఉన్న వలయాన్ని చూడండి. నల్లకళ్ళు అని మనం అనుకునేవి దాదాపుగా ముదురు గోధుమ రంగువే అని తెలుస్తుంది. గీత ఆ వలయం కంటే ఒక మెట్టు ముదురుగా ఉంటే కన్ను మెరుస్తుంది, అచ్చం అదే రంగైతే గీత కంటిలో కలిసిపోతుంది. ఒక్క పెన్సిలే కొనదలచినవారికి నా సలహా కొంచెం వెచ్చదనం ఉన్న కాఫీ గింజ రంగు.

పెన్సిల్ తయారీని చూడండి

మన వాతావరణంలో అసలు కష్టం ఇక్కడ ఉంది. పెన్సిల్ ములుకు అంటే మైనాలు, నూనెలు, రంగుపొడి కలిపిన ముద్ద. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర, కార్నౌబా మైనం 80 డిగ్రీలు దాటాక కరుగుతాయి. కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరుగుతుంది, అందుకే మన ఇళ్ళలో అది ఏడాదిలో ఎక్కువ కాలం గడ్డకట్టకుండా ఉంటుంది. నూనె పాలు ఎక్కువున్న మెత్తటి పెన్సిల్ ఒక్క గీతకే ముదురుగా పడుతుంది, చేత్తో అలుముకోవడానికి బాగుంటుంది, కానీ మే నెలలో 35 డిగ్రీల ఎండకు ఉక్క తోడైతే రెప్ప మీద నిలవదు. మైనం ఎక్కువున్న గట్టి పెన్సిల్ నిలుస్తుంది, అయితే నాలుగుసార్లు గీస్తే గాని రంగు పట్టదు, అలా గీకడం వల్ల రెప్ప సాగుతుంది.

ఈ రెండింటికీ మధ్యేమార్గంగా జెల్ పెన్సిళ్ళు వచ్చాయి. పదార్థాల జాబితా మొదట్లో ఐసోడోడెకేన్ అన్న పేరు గాని, సైక్లోపెంటాసిలోక్సేన్ అన్న పేరు గాని కనిపిస్తే అది ఆ జాతి పెన్సిల్ అని అర్థం. ఆ ద్రవాలు గీసిన కాసేపటికి ఆవిరైపోతాయి, వెనుక మిగిలిన మైనమూ, రెసిన్ అనే జిగురులాంటి పదార్థపు పొరా రంగును పట్టి ఉంచుతాయి. సర్దుబాటు ఏదైనా చేసుకోవాలంటే అది ఆరకముందే, అర నిమిషంలోపే చేసుకోవాలి. విశాఖలో రోజంతా బయట తిరిగేవారికి నేను ఇదే చెబుతాను.

వాటర్‌ప్రూఫ్ అన్న మాటను చూసి మాత్రం తృప్తి పడకండి. ఆ మాట నీటి గురించి చెబుతుంది, నూనె గురించి కాదు. మన రెప్పల మీద గీతను చెరిపేది చెమట ఒక్కటే కాదు. చర్మం నుంచి ఊరే జిడ్డు, ముఖానికి రాసిన సన్‌స్క్రీన్, నుదుటి మీదికి దిగిన తలనూనె కూడా ఆ మైనాన్ని కరిగిస్తాయి.

పెట్టె మీది అక్షరాలు చదవండి

మనదేశంలో సౌందర్య సాధనాలకు 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ వర్తిస్తాయి. ఇక్కడ తయారైన వాటి మీద తయారీదారు చిరునామా, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, వాడవలసిన గడువు ఉండాలి. దిగుమతి చేసిన వాటి మీద దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పెట్టె లేకుండా, ఏ అక్షరమూ లేకుండా అమ్మే పెన్సిల్ ఎంత చవకైనా కంటికి తాకించవద్దు. కొన్ని రకాల సుర్మాలలో సీసం ఉన్నట్టు ఎన్నోసార్లు బయటపడింది కాబట్టి ఈ జాగ్రత్తను చాదస్తం అనుకోరాదు. మూత తెరిచి ఉన్న డబ్బీ బొమ్మ మీద 6 లేదా 12 అంకె, పక్కన ఎమ్ అక్షరం ఉంటే తెరిచిన తరువాత అన్ని నెలలు వాడవచ్చని అర్థం.

షాపులో గీసి, వెలుతురులోకి రండి

జగదాంబ జంక్షన్ చుట్టుపక్కల, ద్వారకానగర్‌లో, మద్దిలపాలెం మాల్‌లో టెస్టర్లు ఉంచే షాపులు దొరుకుతాయి. పూర్ణా మార్కెట్ వైపు ఫ్యాన్సీ షాపుల్లో ధర తక్కువే గాని చాలాచోట్ల సీలు విప్పి చూపించరు. టెస్టర్‌ను ఎట్టి పరిస్థితిలోనూ కంటికి పెట్టుకోకండి. మీకంటే ముందు ఎందరు పెట్టుకున్నారో తెలియదు.

మణికట్టు లోపలి వైపు, నరాలు కనిపించే పలుచటి చర్మం మీద గీయాలి. అరచేతి వెనుక చర్మం ఎండకు నల్లబడి గట్టిగా ఉంటుంది, అక్కడ గీత రెప్ప మీద ఉన్నట్టు కనిపించదు. మూడు పెన్సిళ్ళు ఎంచుకుని, ఒక్కొక్కదానితో అంగుళం పొడవు గీత ఒకటి, దాని పక్కనే వేలితో అలికిన మరక ఒకటి వేయండి. అలికినప్పుడే లోపలి రంగు బయటపడుతుంది: కాఫీ గింజలా ఉన్న గీత అంచు దగ్గర ఎర్రగా విచ్చుకుంటే దానిలో ఎరుపు దాగి ఉందన్నమాట. అప్పుడు షాపు బయటికి వచ్చి, ఎండలో కాకుండా గుమ్మం నీడలో నిలబడి చూడండి. పసుపు బల్బుల కింద ప్రతి గోధుమ రంగూ వెచ్చగా కనిపిస్తుంది, తెల్లటి ఎల్.ఇ.డి. కింద ఎరుపు అణిగిపోతుంది.

ఇక గీతలను వెంటనే తుడవకుండా ఓ పదిహేను నిమిషాలు వేరే పని చూసుకోండి. తరువాత ఒక్కో గీత మీద ఒకచోట తడి వేలు, మరోచోట జిడ్డు అంటేలా నుదుటికి రాసుకున్న వేలు నెమ్మదిగా పెట్టి తీయండి. నీటికి చెదరక జిడ్డుకు చెదిరినది మన ఊరికి పనికిరాదు. ఆ రోజే కొనవలసిన అవసరం లేదు. గీతలతోనే ఇంటికి వెళ్ళి, బస్సు ప్రయాణం తరువాత ఏది మిగిలిందో చూసి మరునాడు కొన్నా నష్టం ఏమీ ఉండదు.

ధరను గ్రాముల్లో లెక్కించండి

తిప్పితే పైకి వచ్చే స్టిక్కులలో 0.35 గ్రాములే ఉండటం మామూలు. చెక్క పెన్సిల్‌లో తరచుగా గ్రాము పైనే ఉంటుంది. 210 రూపాయల స్టిక్కులో 0.35 గ్రాములు ఉంటే గ్రాము 600 పడినట్టు, 420 రూపాయల పెన్సిల్‌లో 1.2 గ్రాములు ఉంటే గ్రాము 350 పడినట్టు. చెక్కడంలో కొంత పోతుందన్నది నిజమే, అయినా లెక్క చాలాసార్లు చెక్క పెన్సిల్ వైపే మొగ్గుతుంది.

ఇంట్లో ఒక పూర్తి రోజు చూడండి

రెప్పను కడిగి పూర్తిగా ఆరబెట్టి, సన్‌స్క్రీన్ అంటిన చోట టిష్యూతో అద్ది, అప్పుడు గీయండి. అద్దంలోకి కిందికి చూస్తూ, రెప్పను లాగకుండా, బయటి కొస నుంచి లోపలికి చిన్నచిన్న గీతలుగా రావాలి. గీయగానే కిటికీ పక్కన ఫ్లాష్ లేకుండా ఒక ఫొటో, సాయంత్రం అదే చోట మరొకటి తీసుకోండి. కింది రెప్ప మీద మరక పడితే, పౌడరు గాని అదే ఛాయ ఐషాడో గాని గీత మీద పలుచగా అద్ది మరో రోజు చూడవచ్చు. మంట, దురద, కంట నీరు వస్తే మాత్రం రెండో ప్రయత్నం చేయకండి. ఎరుపు తగ్గకపోతే కంటి వైద్యులకు చూపించండి.

తీసేటప్పుడు నూనె ఉన్న రిమూవర్‌ను దూదిలో తడిపి, మూసిన రెప్ప మీద కొన్ని క్షణాలు ఆనించి, రుద్దకుండా కిందికి తుడవాలి. లెన్సులు ఉన్నవారు ముందుగా వాటిని తీసేయాలి.

చెక్కడం, దాచుకోవడం

వేసవిలో ములుకు మెత్తబడి షార్ప్‌నర్‌లో విరుగుతుంది కాబట్టి చెక్కే ముందు పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి. చెక్కాక కొనను టిష్యూ మీద ఒకసారి గుండ్రంగా తిప్పితే పదును తగ్గి రెప్పకు గుచ్చుకోదు. జెల్ పెన్సిల్ మూత బిగించకపోతే ఆరిపోతుంది. అక్కచెల్లెళ్ళయినా సరే, ఒకరి పెన్సిల్ ఇంకొకరు వాడకూడదు. కంటికి కలక వచ్చినప్పుడు వాడినదాన్ని పారేయాలి.

చెక్క పెన్సిల్ మీద రంగు పేరు, నంబరు చాలాసార్లు చిన్న అక్షరాలతో ఉంటాయి, చెక్కుతూ పోయేకొద్దీ అవి కనిపించకుండా పోతాయి. ఇంత వెతికి కుదుర్చుకున్న రంగును మళ్ళీ అడిగి తెచ్చుకోవడానికి, కొన్న రోజే ఆ పెట్టె రెక్కను చించి అద్దం వెనుక అతికించి పెట్టుకోండి.